సీట్లు చివర్న బిగించే మనిషి

నేను బడిలో ఎనిమిదో తరగతి దాకా కూర్చున్నాను. అందులో ఏడో తరగతిలో రెండేళ్ళు కూర్చున్నాను, ఎనిమిదిలో సగం రోజులు బెంచీ మీద నిలబడ్డాను. సరిగ్గా కూర్చోవడమే చేతకాని నాలాంటివాడికి దేవుడు ఏం పని ఇచ్చాడో చూడండి. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరూ కూర్చోవడానికి సీట్లు కుడుతున్నాను. మొదట అమలాపురంలో ఆటోలకి, తర్వాత షార్జా సనయ్యలో కార్లకి. సనయ్య అంటే గ్యారేజీలూ వర్క్‌షాపులూ తప్ప ఇంకేమీ లేని పేట. మా ఆవిడ మాత్రం చుట్టాలతో "మా ఆయన దుబాయ్‌లో మంచి సీట్లో ఉన్నారండి" అంటుంది. వినేవాళ్ళు నన్ను మేనేజరనుకుంటారు. నేనూ కాదనను.

పోయిన నెల ఒక మలయాళీ ఇంజనీరు మా షాపుకి వచ్చాడు. విదేశం నుంచి పెట్టెల్లో కారు ముక్కలు తెప్పించుకుని, అజ్మాన్‌లో తన ఇంటి షెడ్డులో తనే ఒక్కొక్కటీ బిగించుకుంటున్నాడట. అలాంటిదాన్ని కిట్ కారు అంటారు. ఫోనులో బొమ్మలు చూపించి, "భాయ్, ఇంజను ఎక్కింది. వైరింగు సగం అయ్యింది. ఇంట్లో అందరూ తొందరపెడుతున్నారు. సీట్లూ కార్పెట్టూ ఇప్పుడే వేసేద్దామా?" అని హిందీలో అడిగాడు.

పని నడిచి వచ్చింది. ఊఁ అంటే చాలు. నోరు తెరిచాను. వచ్చింది నా మాట కాదు.

"ముందుగాల నడవాలె. తర్వాత తడవాలె. గప్పుడు కూసోవాలె."

ఇంజనీరుకి తెలుగు రాదు. అయోమయంగా చూశాడు. నేను తోలు చుట్టలు పెట్టుకునే గదిలోకి వెళ్ళి, కాసేపు ఉండి, ముఖం కడుక్కుని వచ్చి అదే మాట హిందీలో చెప్పాను. ముందు బండి నడవాలి, తర్వాత దాని మీద నీళ్ళు కొట్టి ఎక్కడా కారడం లేదని చూడాలి, ఆ తర్వాతే లోపల సీట్లూ కార్పెట్టూ. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజంతా కుట్టు వంకరగానే వచ్చింది.

ఆ మాట కాకది.

తెలంగాణలో కాక అంటే బాబాయి. మాది రాజోలు వైపు కాబట్టి మొదట్లో నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. వారం రోజులు ఓర్చుకుని, ఎనిమిదో రోజున "అరే, గీ బాబాయ్ గీబాయ్ నాతోని గాదు. నన్ను పిలుస్తున్నవో పక్కోణ్ణి పిలుస్తున్నవో తెలుస్తలేదు. కాక అను" అన్నాడు. అన్నాను. "ఆఁ, గిప్పుడు ఇనవడ్డది" అన్నాడు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. మా గ్యారేజీలో మెకానిక్కూ ఆయనే, ఎలక్ట్రీషియనూ ఆయనే. నేను చేరేటప్పటికే ఆయన వచ్చి ఇరవై ఏళ్ళయ్యింది.

మనిషి పొడుగు. నిటారుగా నిలబడి ఉన్నా ఏదో బానెట్‌లోకి తొంగి చూస్తున్నట్టే ఉండేవాడు. నేను ఆయన్ని ఎరిగిన ఏడేళ్ళలో కుర్చీలో కూర్చోగా చూసిన గుర్తు లేదు. టీ నిలబడి తాగేవాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా ఒక పాత టైరు మీద పెట్టుకుని నిలబడి తినేవాడు. ఒంటిగంటకి ఊరి నుంచి భార్య ఫోను చేసేది. అదీ నిలబడే. నేను సీట్లు కుట్టేవాణ్ణి కదా, నాకు అది అవమానంగా ఉండేది.

"కాకా, ఒక్కసారి కూర్చో. మా వృత్తి మీద నీకింత పగేంటి?"

"కూసుంటే లేవబుద్ధి గాదురా."

"లేవమని ఎవరన్నారు?"

"గదే గద భయం."

మా గ్యారేజీలో నాలుగు భాషలవాళ్ళం ఉండేవాళ్ళం. పఠాన్ పెయింటరు, సొట్టలు తీసే ఫిలిపినో డెంటరు, ఇద్దరు బెంగాలీలు, మేమిద్దరం. ఇందులో ఎవరి చదువు ఎవరికీ పనికిరాదు. అందుకని కాక తనకి తనే ఒక లిపి కనిపెట్టుకున్నాడు: పసుపు రంగు ఇన్సులేషన్ టేపు. ఏ గొట్టం జాయింటు వేలితో తిప్పి వదిలేశాడో, ఏ వైరు ఇంకా పరీక్ష చేయాలో, దాని మీద వేలెడు పసుపు టేపు చుట్టేవాడు. అంటే, "ఇంకా కాలేదు, ముట్టకు." గట్టిగా బిగించి, పరీక్ష చేసి, మర్నాడు పొద్దున ఇంకోసారి చూసుకున్నాకే ఆ టేపు పీకేవాడు. పీకినదాన్ని పారేయడు. తన పనిముట్ల పెట్టె మూత లోపలి వైపు అతికించేవాడు. ఏళ్ళ తరబడి అతికించి అతికించి ఆ మూత లోపల వేలు మందాన పసుపు పేరుకుంది. "అది మ్యూజియంలో పెట్టాలి కాకా" అంటే, "దాంట్ల ఒక్క బండి గూడ రోడ్డు మీద ఆగలె బిడ్డా" అనేవాడు. బడాయి లేదు ఆ మాటలో. లెక్క చెప్పినట్టు చెప్పేవాడు.

నీళ్ళ పరీక్ష ఇంకో పిచ్చి. ఏ బండికి తలుపులు విప్పి బిగించినా, అద్దాలు మార్చినా, అరగంట సేపు పైపుతో నీళ్ళు కొట్టి, తర్వాత లోపల పడుకుని చేత్తో మూలమూలా తడిమేవాడు. తడి తగలకపోతేనే నన్ను కార్పెట్టు వేయనిచ్చేవాడు.

"దుబాయ్‌లో వానెక్కడిది కాకా? ఒంటెకి గొడుగు పట్టినట్టుంది నీ యవ్వారం."

"వాన నీకు ఫోను జేసి వస్తదారా?"

ఆయన పోయిన మరుసటేడు ఆ పెద్ద వాన రానే వచ్చింది. సనయ్య వీధుల్లో నడుంలోతు నీళ్ళు. ఆ తర్వాత రెండు నెలలు నేను చేసిన పనల్లా తడిసిన సీట్లు పీకడం, కుళ్ళిన కార్పెట్లు గీకడం. ఫోను చేసి చెప్పడానికి మాత్రం మనిషి లేడు.

ఇక అర్బాబ్ కారు సంగతి. కరోనా సద్దుమణిగిన కొత్తలో, డెబ్బై ఏళ్ళ ఎమిరాతీ పెద్దాయన ఒకాయన రెండు చెక్క పెట్టెలు లారీలో తెచ్చి మా గ్యారేజీలో దింపించాడు. మేము ఆయన్ని అర్బాబ్ అనేవాళ్ళం. ఇక్కడ యజమానిని అలాగే పిలుస్తారు. పెట్టెలు విప్పితే చట్రం, ఫైబరు ఒళ్ళు, గొట్టాలు, వైర్ల కట్టలు, లావుపాటి పుస్తకం. పాతకాలం మోడలు, పైకప్పు తీసి మళ్ళీ పెట్టుకునేది, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. కాక ఇంగ్లీషు చదవలేడు. పుస్తకంలో బొమ్మలు మాత్రం ఒక్కొక్కటీ పది నిమిషాలు చూసేవాడు. అర్బాబ్ వారానికి రెండుసార్లు వచ్చి, తెల్లటి పొడుగు అంగీ, కందూరా, మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, కాక పక్కన గొంతుక్కూర్చుని పని చూసేవాడు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న హిందీ మొత్తం ముప్ఫై మాటలు. అవి చాలేవి.

చట్రానికి ఇంజను ఎక్కిన రోజున, ఒళ్ళూ తలుపులూ ఏమీ లేని ఆ అస్థిపంజరం మీద అడ్డంగా చెక్క వేసుకుని, దాని మీద గోనెసంచి పరుచుకుని, కాక గ్యారేజీ ముందు ఆవరణలో రెండు చుట్లు తిప్పాడు. బ్రేకు వేసినప్పుడల్లా చెక్కతో సహా ముందుకి జారేవాడు. మేమంతా చప్పట్లు. నేను, "కాకా, నా సీట్లు నాలుగు నెలలుగా ప్లాస్టిక్ కప్పుకుని రాక్ మీద ఉన్నాయి. నువ్వేమో గోనెసంచి మీద ఊరేగుతున్నావు" అన్నాను.

"నడిచినంక తడుపుత. తడిపినంక నీ సీట్లు."

ఆ రోజే అర్బాబ్ అడిగాడు, ఈ బండి పూర్తయితే ముందు ఎక్కడికి వెళ్దామని. మాట వరసకి అడిగాడు. కాక చేతులు తుడుచుకుంటూ, "ఖోర్ ఫక్కాన్" అన్నాడు.

ఎందుకు అంటే చెప్పాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన ఆ కొండల్లో రాయి పిండి చేసే క్రషర్‌లో ఏడాదిన్నర పనిచేశాడట. కొండకి అవతలే సముద్రం, ఖోర్ ఫక్కాన్ రేవు, ఓడలు. క్యాంపు నుంచి క్రషర్‌కి, క్రషర్ నుంచి క్యాంపుకి పికప్ బండి. గాలి అటు నుంచి తిరిగిన రోజున ఉప్పు వాసన వచ్చేదట. చూడలేదు.

"నేను కొండకు ఇవతల, సముద్రం అవతల. ఏడాదిన్నర దాని వాసన తిన్న" అన్నాడు.

"తర్వాత పాతికేళ్ళు ఉన్నావు కదా. బస్సెక్కితే రెండు గంటలు" అన్నాను నేను.

"పోదాం తియ్. ఈ బండి అయినంక."

"అయినా సముద్రంలో ఏముంది కాకా, మా వైపు రోజూ చూస్తాం. పెద్ద చెరువు, ఉప్పెక్కువ."

అర్బాబ్ నవ్వలేదు. లేచి, ఆ అస్థిపంజరంలో డ్రైవరు పక్క చోటు మీద చెయ్యి వేసి, "వల్లా, మొదటి ప్రయాణం ఖోర్ ఫక్కాన్. ఇక్కడ నువ్వు" అన్నాడు. వల్లా అంటే దేవుడి మీద ఒట్టు. అర్బాబ్‌లు చాలా మాటలు అంటారు. ఈయన మాత్రం అన్నది చేసే రకం.

కాక సిగ్గుపడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి సిగ్గుపడితే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. ఆ రోజు నుంచి ఆ వైపు నుంచి ఎవర్నీ బండిలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

అప్పటికే ఆయన ఎగ్జిట్ రాసి ఇచ్చి ఉన్నాడు. అంటే వీసా రద్దు చేసుకుని ఇంటికి పూర్తిగా వెళ్ళిపోవడం. "ఈ బండి అయినంక పోత" అన్న మాట నేను ఏడేళ్ళుగా వింటున్నాను. ఒకసారి అది ల్యాండ్ క్రూజర్ ఇంజను, ఒకసారి పోలీసు వేలంలో కొన్న జీపు. కానీ ఈసారి నిజం. ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, ఇచ్చిన కాగితం నేనే రాశాను. నా ఎనిమిదో తరగతి ఇంగ్లీషులో "ప్లీజ్ గివ్ మీ ఎగ్జిట్, ఐ యామ్ టైర్డ్ మ్యాన్" అని రాస్తే ముదీర్ నవ్వి సంతకం పెట్టాడు. టికెట్టు తీశారు. ముందు ఖోర్ ఫక్కాన్, తర్వాత ఊరు. ఈ రెండింటికీ నడుమ మిగిలింది ఆ కారు పని ఒక్కటే.

ఆ పక్క సీటు తోలు విప్పి, కొత్త కొలతకి ఆయన్నే కూర్చోబెట్టాను. ఫైబరు తొట్టిలో స్పాంజి వేసి, మనిషి ఆకారాన్ని బట్టి చెక్కాలి. ఆయన ఒప్పుకోలేదు.

"కొలతకే కాకా. కొలతకి ఒకసారి కూర్చుంటే కూర్చున్నట్టు కాదు."

"పక్కా?"

"మా సీట్లోళ్ళ శాస్త్రంలో ఉంది."

కూర్చున్నాడు. ఆయనకి ఎడమ తుంటి అరిగిపోయింది. పాతికేళ్ళు బళ్ళ కింద ఒకే పక్కకి పడుకుని పని చేస్తే అంతే. ఎడమ వైపు స్పాంజి ఒక అంగుళం ఎత్తు పెంచాను, నడుం దగ్గర చిన్న దిండులాగా ఒక ఉబ్బు పెట్టాను, మళ్ళీ కూర్చోమన్నాను. వెనక్కి ఆని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"నొప్పి లేదురా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "అసల్కే లేదు."

తర్వాత నిప్పు మీద కూర్చున్నవాడిలా దిగ్గున లేచి, వైర్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మార్కరుతో స్పాంజి మీద "కాక" అని రాసి తోలు కప్పేశాను.

ఇప్పుడు నేను చేసినది చెప్పాలి. అన్నీ నవ్వుతూ చెప్పే అలవాటు నాది. దీన్ని అలా చెప్పబోయాను. రాలేదు.

బండి ఒళ్ళు ఎక్కింది, రంగు అయ్యింది, రోడ్డు మీద కొంత నడిచింది. క్లచ్ గొట్టం ఒకటి సరిగ్గా లేదని కాక డ్యాష్‌బోర్డు కింద మళ్ళీ విప్పాడు. కొత్త వాషర్లు రావాలి. అంతవరకు మూడు జాయింట్లూ వేలితో తిప్పి, పసుపు టేపు చుట్టి పెట్టాడు. ఇంతలో తుంటి నొప్పి ఎక్కువై రెండు రోజులు రూములో పడుకున్నాడు. ఆ రెండు రోజుల్లోనే అర్బాబ్ ఫోను చేశాడు. పాత స్నేహితులు వస్తున్నారు, కారు చూపించాలి, సీట్లు వేస్తే అందంగా ఉంటుంది, కుదురుతుందా అని. ఆజ్ఞ కాదది. కుదరదు అంటే సరే అనేవాడు.

కానీ నా సీట్లవి. ఎర్ర తోలు, తెల్ల దారంతో డబుల్ కుట్టు. కారులో ఇంజను ఎవడికి కనిపిస్తుంది? కనిపించేది నా పని ఒక్కటే, దాన్నేమో నెలల తరబడి రాక్ మీద పడుకోబెట్టాడు. ఒకటిన్నర రోజులో కార్పెట్టు అంటించాను, తలుపుల లైనింగు వేశాను, సీట్లు బిగించాను. అంతా అయ్యాక వెనక్కి జరిగి చూశాను. డ్యాష్‌బోర్డు కింద మూడు చోట్ల పసుపు కనిపిస్తోంది. ఎర్ర తోలు పక్కన అసహ్యంగా ఉంది. పీకేశాను.

పసుపు అంటే ఏమిటో తెలిసే పీకాను. ఒక్క పూటకే కదా అనుకున్నాను.

స్నేహితులు వచ్చారు. తెగ మెచ్చుకున్నారు. నా కుట్టు మీద వేలు రాసి ఒకాయన "మాషా అల్లా" అన్నాడు. నేను పెళ్ళికొడుకులా నిలబడ్డాను. అందులో ఒకాయన కూర్చుని చిన్నపిల్లాడిలా క్లచ్ తొక్కుతూ వదులుతూ, నోటితో ఇంజను శబ్దం చేస్తూ ఆడాడు. టేపు ఉండి ఉంటే నేనే ఆపేవాణ్ణి, ముట్టకు అని ఆ పసుపే గుర్తు చేసేది. జాయింటు ఊడి క్లచ్ నూనె కారింది. ఆ నూనె రంగుని తింటుంది, జిగురుని తింటుంది. కార్పెట్టు తడిసింది, సీటు ముందు భాగం తోలు నల్లగా కమిలింది, రెండు సీట్ల మధ్య గుండా కారి పక్క సీటు అంచు కూడా పోయింది.

మర్నాడు కాక వచ్చాడు. వాసన చూశాడు. వంగి డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"టేపులేవి?"

చెత్త డబ్బా చూపించాను. ఆయన అందులో చెయ్యి పెట్టి కెలికి, మూడు టేపు ముక్కలూ ఏరి తీసి, చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను నోరు ఊరుకోక, "కాకా, ముందు తడిసింది, ఇక నడవడమే మిగిలింది" అన్నాను.

నవ్వాడు. తిట్టి ఉంటే బాగుండేది. నవ్వి, పానా తీసుకుని, "ఏమైందిరా గిప్పుడు, దునియా కూలిందా? విప్పుదాం పా" అన్నాడు. ఇద్దరం కలిసి నేను బిగించిందంతా విప్పాం. అదే రంగు తోలు మళ్ళీ విదేశం నుంచి రావాలి. మూడు వారాలు పడుతుందన్నారు. టికెట్టు మూడు వారాలు వెనక్కి జరిపారు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఆయన టైరు పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇంకో మూడు వారాలే... తోలు మంచిగ రాలె, వాపస్ పంపినం... అరే, వస్త అంటున్న గదనే, వస్త."

నా పేరు చెప్పలేదు. అటు నుంచి ఏమన్నదో నాకు వినబడలేదు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "తింటవా, పచ్చిపులుసు ఉన్నది" అన్నాడు నాతో.

ఆ రోజుల్లో ఆయన క్లచ్ గొట్టం మార్చాడు. బ్రేకులు ఇంకోసారి చూశాడు. పైకప్పు పెట్టి అరగంట కాదు, గంట నీళ్ళు కొట్టాడు. లోపల బొట్టు లేదు. ఒక్కొక్క టేపే పీకి పెట్టె మూతకి అతికించాడు. నేను చెత్తలో వేసిన మూడూ కూడా. బండి నడిచింది, తడిసింది. ఇక కూర్చోవడమే.

పన్నెండో రోజు మధ్యాహ్నం, తిన్న తర్వాత, ఎప్పటిలాగే కారు పక్కన అట్టముక్క పరుచుకుని, ముఖం మీద రుమాలు వేసుకుని పడుకున్నాడు. ఇరవై నిమిషాలు పడుకుంటాడు, తనే లేస్తాడు. ఆ రోజు లేవలేదు. నేను టీ తీసుకుని వెళ్ళాను.

"కాకా, లే. అర్బాబ్ వచ్చిండు," అన్నాను ఆయన యాసలోనే.

కదల్లేదు.

"కూసుంటే లేవబుద్ధి గాదంటివి. పండుకుంటే గూడ లేస్తలేవేంది?"

పఠాన్ పెయింటరు అటు నుంచి నవ్వాడు. నాకు ఉత్సాహం వచ్చింది.

"ఓ కాకా, నీ ఎగ్జిట్ కొట్టేశారంట. ఫ్లైటు పోతా ఉంది, పరిగెత్తు!"

అప్పుడు రుమాలు చూశాను. ఊపిరికి కదలాలి కదా. కదలడం లేదు.

జీవితంలో నేను చాలామందిని నవ్వించాను. పోయిన మనిషికి మూడు జోకులు చెప్పినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. టీ ఎవరు తీసుకున్నారో, ఎవరు ఫోను చేశారో గుర్తు లేదు. గుండె అన్నారు. నిద్రలోనే అన్నారు. బాధ తెలిసి ఉండదు అన్నారు. అందరూ ఇవే మూడు మాటలు అంటారు, అనడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి.

ఆయన్ని ఊరికి పంపే కాగితాలకి ఆరు రోజులు పట్టింది. ముదీర్, నేను, పెయింటరు వెళ్ళి సాగనంపాం. పెట్టె మీద ఆయన పేరు ఇంగ్లీషులో రాసి ఉంది. కాక అని రాసి ఉంటే నాకు తెలిసేది. ఆ పేరు నేను రెండుసార్లు చదువుకోవలసి వచ్చింది.

తోలు తర్వాతి వారం వచ్చింది.

కుట్టాను. పక్క సీటు తోలు తీసినప్పుడు స్పాంజి మీద నా చేతిరాత కనిపించింది. స్పాంజి మార్చలేదు. ఎడమ ఎత్తు, నడుం దగ్గర ఉబ్బు, అన్నీ అలాగే ఉంచి కొత్త తోలు కప్పాను. సీట్లు బిగించాను. చివర్న. అన్నీ అయ్యాక.

అర్బాబ్ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంజను వేసి స్టీరింగు పట్టుకున్నాడు. తర్వాత పక్క సీటు మీద చేత్తో తట్టి నా వంక చూశాడు.

"యల్లా, పద."

"నేను వద్దు అర్బాబ్."

"మాట ఇచ్చాను. ఆయన లేడు. ఆయన మనిషివి నువ్వున్నావు. కూర్చో."

కూర్చున్నాను. సీటు నాకు సరిపోలేదు. నా తుంటి బాగానే ఉంది కాబట్టి ఎడమ పక్క ఎత్తై, కుడి పక్కకి ఒరిగాను. నడుం దగ్గర ఉబ్బు దారి పొడుగునా పొడుస్తూనే ఉంది. సర్దుకోలేదు.

పొద్దున ఎండ ఇంకా పెరగలేదు. ఎడారి అయిపోయి కొండలు మొదలయ్యాయి. నల్లటి, గోధుమ రంగు, ఒక్క చెట్టు లేని కొండలు. ఒక చోట క్రషర్ నుంచి తెల్లటి దుమ్ము లేస్తోంది. అర్బాబ్ వేగం తగ్గించి, "ఇదేనా?" అన్నాడు. నాకేం తెలుసు? అలాంటివి మూడు నాలుగు కనిపించాయి. ప్రతిచోటా తగ్గించాడు. తర్వాత సొరంగం, ఇంకో సొరంగం. ఆఖరి సొరంగం దాటి మలుపు తిరిగేసరికి ఎదురుగా సముద్రం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా కన్ను తిప్పుకోలేదు.

ఖోర్ ఫక్కాన్ ఒడ్డున బండి ఆపి, అర్బాబ్ టీ తేవడానికి వెళ్ళాడు. నేను కాక భార్యకి వీడియో ఫోను చేశాను. ఆమెని అప్పటిదాకా చూడలేదు. చిన్నమ్మా అని పిలిచి, నేను ఫలానా అని చెప్పాను. "సీట్లు గుట్టే పిలగానివా? నీ ముచ్చట్లు చెప్పి నవ్వుతుండె" అంది. ఆ మాటకి ఇంకాస్త కుంగిపోయాను. ఫోను తిప్పి నీళ్ళు చూపించాను, ఓడలు చూపించాను. కారు చూపించాను.

"గిదేనా ఆ సముద్రం?"

"ఇదే చిన్నమ్మా."

చాలాసేపు చూసింది. ఇక ఆపుకోలేక చెప్పేశాను. తోలు బాగా రాక వాపస్ పంపడం అబద్ధమని, సీట్లు ముందే బిగించింది నేనని, టేపులు పీకింది నేనని, నా తొందర వల్లే మూడు వారాలు ఆలస్యమైందని, లేకపోతే కాక ఈ సీట్లో కూర్చుని ఈ సముద్రం చూసి, ఆ వారమే ఇంటికి వచ్చి ఉండేవాడని. "నన్ను తిట్టు చిన్నమ్మా. ఆయన తిట్టలేదు" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"నువ్వు ఒక్కపారి తొందరపడ్డవ్ బిడ్డా. ఆయన ఇరవై ఏడేండ్లల్ల ఒక్కపారన్న తొందరపడితే బాగుండు."